అట్టపెట్టె రాసిన జవాబు

కొన్నేళ్ళ క్రితం సంగతి. తొమ్మిదో తరగతి యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. “మీ ఊరి చెరువు కలుషితం కాకుండా ఏయే చర్యలు తీసుకోవాలి?” అన్నది ఒక ప్రశ్న. నాలుగు మార్కులు. రాత్రి పది దాటింది. కట్టలో సగానికి పైగా అయిపోయింది. అప్పుడు చేతికొచ్చిన పేపర్లో ఒక కుర్రాడు ఇలా రాశాడు:

“చెరువుల పరిరక్షణకు సమగ్ర సమన్వయ వ్యూహం అత్యవసరం. బహుముఖ క్షేత్రస్థాయి ప్రక్రియను పటిష్ఠపరచనిదే ఆశించిన ఫలితాలు సాధించలేము. అందుకుగాను సమతుల్య మూల్యాంకన చట్రాన్ని ప్రజలందరి భాగస్వామ్యంతో అమలుపరచాలి.”

చేతిరాత ముత్యాల్లా వుంది. ఒక్క అక్షరదోషం లేదు. “ఫరవాలేదే!” అనుకుని, నాలుగుకి మూడు మార్కులు వేసి, పేజీ తిప్పాను.

మర్నాడు పేపర్లు ఇచ్చేశాక ఆ కుర్రాడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతిలో చిన్న అట్టపెట్టె.

“ఏరా, మార్కులు చాల్లేదా?” అన్నాను.

“అది కాదు మాస్టారూ. ఆ జవాబు నేను రాయలేదండీ. ఈ పెట్టె రాసిందండీ” అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. తప్పు ఏమైనా వుంటే నాదే. రెండు వారాల ముందు సైన్సు క్లబ్బులో ఆ విద్య నేర్పింది నేనే. ఆ పెట్టె జవాబు ఎలా రాయగలిగిందో ముందు మీకు చెబుతాను. నేను వేసిన మూడు మార్కుల సంగతి తరవాత చూద్దాం.

మూడంకెలు చెప్పండి!

ఈ కింద మూడు వరసల్లో ముప్పయి మాటలున్నాయి. ఒక్కొక్క వరసలో పది. వాటికి 0 నుంచి 9 వరకు అంకెలు వేశాను.

0 – సమగ్ర – పాలనా – ప్రణాళిక
1 – సమీకృత – సాంకేతిక – దృక్పథం
2 – క్రమబద్ధ – మానవ వనరుల – వ్యవస్థ
3 – సమాంతర – సమాచార – ప్రక్రియ
4 – బహుముఖ – విధాన – వ్యూహం
5 – దీర్ఘకాలిక – ప్రగతి – సామర్థ్యం
6 – వికేంద్రీకృత – సమన్వయ – చట్రం
7 – ప్రాథమిక – క్షేత్రస్థాయి – కార్యాచరణ
8 – సమతుల్య – అభివృద్ధి – సమీక్ష
9 – నిర్మాణాత్మక – మూల్యాంకన – పరివర్తన

ఇప్పుడు మీకు తోచిన మూడంకెలు అనుకోండి. మొదటి అంకెకి మొదటి వరసలోని మాట, రెండో అంకెకి రెండో వరసలోది, మూడో అంకెకి మూడో వరసలోది తీసి పక్కపక్కన పెట్టండి. 4, 7, 2 అనుకున్నారా? “బహుముఖ క్షేత్రస్థాయి వ్యవస్థ”! 8, 9, 6 అయితే “సమతుల్య మూల్యాంకన చట్రం”. ఏ మీటింగులోనో మైకు ముందు నిలబడి గంభీరంగా అంటే నలుగురూ తల వూపే మాటలే. కాని వాటిని తయారు చేసినది మీ బుద్ధి కాదు, మీకు తోచిన మూడంకెలు.

ఈ సరదా యంత్రాన్ని మొదట లోకానికి పరిచయం చేసినవాడు అమెరికా ప్రజారోగ్య శాఖలో పనిచేసిన ఫిలిప్ బ్రౌటన్ అనే అధికారి. ఆఫీసు కాగితాల్లోని బరువైన మాటల మధ్య ఏళ్ళ తరబడి మసిలి, విసిగి, ఆయన ముప్పయి ఇంగ్లీషు మాటలు ఏరి మూడు వరసల్లో పేర్చాడు. దానికి “సిస్టమాటిక్ బజ్ ఫ్రేజ్ ప్రొజెక్టర్” అని తగినంత బరువైన పేరే పెట్టాడు. ‘బజ్’ అంటే తేనెటీగ చేసే ఝుంకారం. చెవికి వినబడుతుంది, అర్థం మాత్రం వుండదు. 1968లో న్యూస్‌వీక్ అనే వారపత్రిక దీన్ని అచ్చు వేయడంతో ఆఫీసు ఆఫీసుకీ పాకిపోయింది. ఆయన పట్టికలో 257 అంటే “సిస్టమటైజ్డ్ లాజిస్టిక్ ప్రొజెక్షన్”. దాని అర్థమేమిటో ఎవరికీ తెలియదు. అయితే తెలియదని ఒప్పుకునేందుకు ఎవరూ సిద్ధపడరు. యంత్రం పనిచేసే రహస్యం అదేనని బ్రౌటన్ గ్రహించాడు.

పైన నేనిచ్చిన పట్టిక ఆయన మాటలకు అనువాదం కాదు. మన సర్క్యులర్లలో, రిపోర్టుల్లో, ఉపన్యాసాల్లో రోజూ కనబడే మాటల్ని ఏరి కూర్చినది. ఇవాళ ఇదే పని చేసే చిన్న చిన్న ప్రోగ్రాములు కంప్యూటర్లలో బోలెడు వున్నాయి. మీట నొక్కితే ఒక పదబంధం, మళ్ళీ నొక్కితే ఇంకొకటి. లోపల జరిగేది మాత్రం ఇదే.

ముప్పయి చీటీలు, వెయ్యి మాటలు

ముప్పయి మాటలతో ఎన్ని పదబంధాలు పుడతాయి? మొదటి వరసలో 10 అవకాశాలు. వాటిలో ప్రతిదానికీ రెండో వరసలో 10, మళ్ళీ ప్రతిదానికీ మూడో వరసలో 10. మొత్తం 10 × 10 × 10 = 1000. 000 నుంచి 999 వరకు వున్న సంఖ్యలన్నీ అన్నమాట. ఒక్కోదాన్ని అయిదు సెకండ్లలో చదివినా అన్నీ చదవడానికి 83 నిమిషాలు పడుతుంది. ఒకే వాక్యంలో రెండు పదబంధాలు ఇరికిస్తే 1000 × 1000, అంటే పది లక్షల వాక్యాలు. అదే వేగంతో చదివితే అన్నం, నిద్ర మానేసి కూర్చున్నా 57 రోజులు దాటిపోతుంది. ఇంత ఉపన్యాసమూ ముప్పయి మాటల్లోంచి వచ్చిందే!

ఇంకో తమాషా వుంది. పట్టిక చేతిలో వున్నవాడికి మీరు “క్రమబద్ధ క్షేత్రస్థాయి సామర్థ్యం” అని చెప్పారనుకోండి. వాడు వెంటనే 275 అని తెలుసుకోగలడు. అంటే ఆ మాటలో వున్న సమాచారమంతా మూడంకెలే. అంతకు మించి చిటికెడు కూడా లేదు. కావాలంటే మీ స్నేహితుడికి రహస్యంగా ఒక నంబరు పంపడానికి దీన్ని వాడుకోవచ్చు. “దీర్ఘకాలిక పాలనా ప్రణాళికకు సమగ్ర పాలనా దృక్పథం అవసరం” అని రాస్తే చదివినవాళ్ళు ఏదో ప్రభుత్వ విధానం అనుకుంటారు. నిజానికి అది 500, 001. అంటే హైదరాబాదు జనరల్ పోస్టాఫీసు పిన్ కోడు!

వ్యాకరణం తెలిసిన పెట్టె

ఏ మాటని ఏ మాట పక్కన పెట్టినా అతుకు కనబడకపోవడానికి కారణం ఏమిటి? ఇందులో మన తెలుగు చేసే సాయం చాలా వుంది. “మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకాలు” అంటాం. ‘మంచి’ ఎక్కడా మారదు. హిందీలో అయితే ‘అచ్ఛా లడ్కా’, ‘అచ్ఛీ లడ్కీ’ అని మార్చాలి కదా. మన విశేషణాలకు ఆ బాధ లేదు గనుక మొదటి వరసలోని ఏ మాటనైనా నిర్భయంగా వాడవచ్చు. రెండో వరసలో పెట్టిన సంస్కృత పదాలు సమాసంలో ఒదిగిపోయే రకం. మూడో వరసలోవన్నీ నామవాచకాలు. పట్టిక తయారు చేసేవాడి తెలివంతా ఈ ఎంపికలోనే వుంది. మూడో వరసలో పొరపాటున ‘పరుగెత్తు’ అని ఒక క్రియ పెట్టారా, యంత్రం బండారం బయటపడిపోతుంది.

పదబంధాన్ని వాక్యంలో ఇరికించేటప్పుడు మాత్రం ఒక చిక్కు వస్తుంది. “__ను పటిష్ఠపరచాలి” అనే చట్రంలో ‘వ్యవస్థ’ పెడితే ‘వ్యవస్థను’ అని సరిపోతుంది. ‘వ్యూహం’ పెడితే ‘వ్యూహంను’ అవుతుంది. అలా ఎవరూ అనరు, ‘వ్యూహాన్ని’ అంటారు. అందుచేత ప్రోగ్రాములో ఒక నియమం చేర్చాలి: చివర సున్న వుంటే దాన్ని తీసేసి ‘-ఆన్ని’ చేర్చు, లేకపోతే ‘-ను’ చేర్చు. పట్టిక చూడండి. దృక్పథం, వ్యూహం, సామర్థ్యం, చట్రం – ఈ నాలుగూ మొదటి రకం, మిగతా ఆరూ రెండో రకం. ఈ ఒక్క నియమం నేర్పితే చాలు, కంప్యూటరు తప్పు లేకుండా వెయ్యి వాక్యాలు రాసి పారేస్తుంది. మా కుర్రాడి పెట్టెలో వున్నవి 0 నుంచి 9 వరకు అంకెలు వేసిన పది చీటీలే. పట్టిక మూత లోపల అంటించాడు. సున్నల సంగతి వాడే చూసుకున్నాడు.

గుడ్డిగా ఎంచుకోవడం అంత తేలికా?

“ఏదో ఒక సంఖ్య చెప్పు” అంటే మనుషులు నిజంగా ఏదో ఒకటి చెప్పరు. ఇది మీ తరగతిలోనే పరీక్షించవచ్చు. 000 నుంచి 999 వరకు వున్న వెయ్యి సంఖ్యల్లో మూడంకెలూ వేరువేరుగా వున్నవి 10 × 9 × 8 = 720. అంటే కనీసం ఒక అంకె రెండుసార్లు వచ్చేవి (338, 707, 555 లాంటివి) 280. కళ్ళు మూసుకుని చీటీలు తీస్తే, తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి పెట్టెలో వేస్తూ వుంటే, వంద సంఖ్యల్లో సుమారు 28 ఇలాంటివి రావాలి. అదే మీ తరగతిలో అందరినీ ఒక్కో మూడంకెల సంఖ్య రాయమనండి. అన్ని రావడం అరుదు. ఒకే అంకె రెండుసార్లు వేస్తే అది ‘యాదృచ్ఛికం’ కాదేమోనని మనసు వెనకాడుతుంది.

మరి కంప్యూటరుకి చీటీలు లేవే! అది చెప్పినట్టు లెక్క చెయ్యడం తప్ప మరొకటి ఎరగదు. లెక్కలోంచి గుడ్డితనం ఎలా పుడుతుంది? హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ 1949లో ఒక సభలో చెప్పిన ఉపాయం చాలా సులువైనది. ఒక నాలుగంకెల సంఖ్య తీసుకోండి. దాని వర్గం కట్టండి. ఎనిమిది అంకెలు లేకపోతే ముందు సున్నలు చేర్చి, నడిమి నాలుగంకెలు తీసుకోండి. దాని వర్గం కట్టండి. మళ్ళీ నడిమి నాలుగు...

కాగితం తీసి నాతోబాటు చెయ్యండి. 2345తో మొదలుపెడదాం. దాని వర్గం 5499025. ముందు ఒక సున్న చేర్చితే 05499025. నడిమి నాలుగంకెలు 4990. చివరి మూడంకెలు 9, 9, 0 తీసుకుంటే “నిర్మాణాత్మక మూల్యాంకన ప్రణాళిక”. చాలా బాగుంది! 4990 వర్గం 24900100. నడిమి నాలుగు 9001. “సమగ్ర పాలనా దృక్పథం”. తరవాత 0180, “సమీకృత అభివృద్ధి ప్రణాళిక”. తరవాత 0324, “సమాంతర మానవ వనరుల వ్యూహం”. యంత్రం జోరుగా నడుస్తోంది.

కాని కొంచెం ఓపిక పట్టి ముందుకి వెళ్ళండి: 1049, 1004, 0080, 0064, 0040, 0016, 0002, 0000. సున్న వర్గం సున్నే. ఇక ఎన్నిసార్లు మీట నొక్కినా “సమగ్ర పాలనా ప్రణాళిక, సమగ్ర పాలనా ప్రణాళిక, సమగ్ర పాలనా ప్రణాళిక” అంటూ కూర్చుంటుంది! ఈ పద్ధతికి వున్న లోపం ఇదే. కొన్ని సంఖ్యలతో మొదలుపెడితే సున్నలో పడిపోతుంది, మరికొన్నింటితో మొదలుపెడితే ఒక చిన్న చక్రంలో తిరుగుతూ వుంటుంది. అందుకని తరవాతివాళ్ళు పెద్ద సంఖ్యతో గుణించి, ఇంకో సంఖ్య కలిపి, భాగహారం చేసి శేషం తీసుకోవడం వంటి మెరుగైన పద్ధతులు కనిపెట్టారు. అయినా అవన్నీ లెక్కలే. ఒకే సంఖ్యతో మొదలుపెడితే ఒకే వరస వస్తుంది.

లగాడో చట్రం, మాంచెస్టరు ప్రేమలేఖ

చీటీల్లోంచి వాక్యాలు తీయాలన్న ఊహ కంప్యూటర్ల కంటే చాలా పాతది. జొనాథన్ స్విఫ్ట్ 1726లో అచ్చువేసిన ‘గలివర్ యాత్రలు’లో లగాడో అనే ఊళ్ళో ఒక విద్వత్పరిషత్తు వుంటుంది. అక్కడ ఇరవై అడుగుల చదరపు చట్రం. దానికి చెక్క దిమ్మలు, వాటికి మాటలు రాసిన కాగితాలు. చుట్టూ నలభై ఇనప పిడులు. నలభై మంది శిష్యులు ఒక్కసారిగా పిడులు తిప్పుతారు. మాటలన్నీ తారుమారవుతాయి. ముప్పయ్యారు మంది వరసలు చదువుతారు. నాలుగు మాటలు కలిసి అర్థం వచ్చేట్టు కనబడితే మిగతా నలుగురూ రాసుకుంటారు. ఇలా శ్రమ లేకుండా శాస్త్రగ్రంథాలు పుడతాయని అక్కడి ప్రొఫెసరు నమ్మకం! స్విఫ్ట్ రాసింది వెక్కిరింతకే. అయితే రెండు వందల పాతికేళ్ళు గడిచాక అటువంటి యంత్రం నిజంగానే వచ్చింది.

1952లో ఇంగ్లాండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయం కంప్యూటరు మీద క్రిస్టఫర్ స్ట్రేచీ ఒక ప్రోగ్రాము రాశాడు. (స్ట్రేచీ అంతకు ముందు బడిపంతులు. ఈ మాట చెప్పుకోవడంలో నాకు కొంచెం స్వార్థం వుంది!) ఆ ప్రోగ్రాము ప్రేమలేఖలు రాసేది. వాక్యానికి రెండు చట్రాలు, ఖాళీల్లో పెట్టడానికి విశేషణాలు, నామవాచకాలు, క్రియల జాబితాలు – అంతే. కింద సంతకం ‘ఎం.యు.సి.’, అంటే మాంచెస్టరు యూనివర్సిటీ కంప్యూటరు. ఏ మాట తీయాలో నిర్ణయించడానికి లెక్క కాకుండా వేరే ఏర్పాటు వుండేది. ఆ కంప్యూటరులో ఆలన్ ట్యూరింగ్ పట్టుబట్టి ఒక ప్రత్యేక పరికరం పెట్టించాడు. విద్యుత్ వలయాల్లో ఎప్పుడూ వుండే చిల్లర అలజడిలోంచి అది అంకెలు తీసేది. రేడియోలో స్టేషనుకి స్టేషనుకి మధ్య వినబడే గరగర లాంటిదే ఆ అలజడి. ఆ గరగరలోంచి వలపు మాటలు పుట్టాయన్నమాట.

పెద్దలు మోసపోయిన సందర్భం

ఇంతవరకు నవ్వుకున్నాం. 2005లో జరిగింది కూడా నవ్వుతాలుగానే మొదలయింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ముగ్గురు విద్యార్థులు ‘సైజెన్’ అనే ప్రోగ్రాము రాశారు. మన పట్టికలో వున్నది ఒకే చట్రం. వాళ్ళది పెట్టెలో పెట్టె, అందులో ఇంకో పెట్టె. వ్యాసమంటే ఉపోద్ఘాతం, ప్రయోగం, ఫలితాలు. ఉపోద్ఘాతమంటే నాలుగు వాక్యాలు. వాక్యమంటే కర్త, కర్మ, క్రియ. కర్త అంటే ఒక విశేషణం, ఒక నామవాచకం. ఇలా నియమాన్ని నియమంతో విప్పుకుంటూ పోతే చివరికి గ్రాఫులతో, బొమ్మలతో సహా పూర్తి పరిశోధనా వ్యాసం తయారవుతుంది. అర్థం మాత్రం వుండదు.

అలాంటి వ్యాసం ఒకటి వాళ్ళు ఒక అంతర్జాతీయ సభకి పంపారు. సభవారు దాన్ని అంగీకరించారు! నిపుణులెవరూ చదివి పరీక్షించకుండానే అంగీకరించారని తేలింది. సంగతి బయటపడ్డాక ఆహ్వానం రద్దు చేశారనుకోండి. అక్కడితో ఆగివుంటే అది ఒక మంచి హాస్యకథ. కాని ఆ ప్రోగ్రాము అందరికీ అందుబాటులో వుండటంతో కొందరు దాన్ని నిజంగానే వాడుకున్నారు. ఫ్రాన్సుకి చెందిన సిరిల్ లాబే అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు అలాంటి వ్యాసాల్ని పట్టుకునే పద్ధతి కనిపెట్టి వెతికితే, రెండు పెద్ద ప్రచురణ సంస్థల సంపుటాల్లో 120కి పైగా దొరికాయి. 2014లో వాటిని తొలగించవలసి వచ్చింది. పేపరు దిద్దేవాడు నిద్రమత్తులో వుంటే ఏం జరుగుతుందో నాకంటే ముందే లోకానికి తెలిసిందన్నమాట.

ఇప్పుడు మనిషితో మాట్లాడినట్టే మాట్లాడే కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చాయి. అవి ఇలాంటి పట్టికతో పనిచేసేవి కావు. కోట్లాది పేజీలు చూసి, ఏ మాటల తరవాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత వుందో నేర్చుకున్నవి. ఈ దారికి మొదటి మెట్టు 1948లో క్లాడ్ షానన్ వేశాడు. అది వేరే పెద్ద కథ, మరో వ్యాసానికి సరిపోతుంది. అయితే వాటి జవాబులకీ మీరు కింది పరీక్ష నిక్షేపంలా పెట్టవచ్చు.

మాట మార్చి చూడండి

ఒక వాక్యంలో సరుకుందో లేదో తెలుసుకోవడానికి ఇప్పుడు నేను తరగతిలో ఒక పద్ధతి వాడుతున్నాను. వాక్యంలో ముఖ్యమైన మాట తీసేసి ఇంకోటి పెట్టి చూడండి. ఏదైనా తేడా వచ్చిందా?

“సముద్రమట్టం దగ్గర స్వచ్ఛమైన నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది.” ఇందులో 100 తీసి 60 పెట్టండి. వాక్యం తప్పయిపోయింది. తప్పని రుజువు చెయ్యడానికి ఒక గిన్నె, ఒక థర్మామీటరు చాలు. ఇప్పుడు “చెరువుల పరిరక్షణకు సమగ్ర సమన్వయ వ్యూహం అత్యవసరం” తీసుకోండి. 064 తీసేసి 192 పెట్టండి. “సమీకృత మూల్యాంకన వ్యవస్థ అత్యవసరం.” చెరువులో ఒక్క చుక్క అయినా మారిందా? ఏ థర్మామీటరు పెట్టి దీన్ని తప్పు అనగలరు? తిరగేసి కూడా చూడండి. “సమన్వయం అక్కర్లేదు” అని లోకంలో ఎవరైనా అంటారా? ఎవరూ కాదనలేని మాట, ఏమీ చెప్పని మాట తరచు ఒకటే అయివుంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పొడుగు మాటలన్నీ ఉత్త ఝుంకారం అనుకుని సైన్సు పుస్తకం మూసేసేరు! ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న మాట నోరు తిరగడానికే కష్టం. కాని దాని వెనక ప్రయోగం వుంది. మొక్కని రెండు రోజులు చీకట్లో వుంచి, ఒక ఆకులో కొంత భాగాన్ని నల్లకాగితంతో మూసి, ఎండలో పెడతాం. తరవాత ఆ ఆకుని ఆల్కహాలులో వుడికించి అయోడిన్ చుక్కలు వేస్తే ఎండ తగిలిన భాగం నీలినలుపుగా మారుతుంది, మూసిన భాగం మారదు. ఆ మాట తీసి ‘శ్వాసక్రియ’ అని పెడితే పాఠమంతా తల్లకిందులవుతుంది. అది పరిభాష. పట్టికలోని ‘ప్రణాళిక’, ‘సమీక్ష’ కూడా పుట్టుకతో చెడ్డవి కావు. ఏ పని, ఎన్ని రూపాయలతో, ఏ తేదీకి అని పక్కన రాస్తే వాటికీ ప్రాణం వస్తుంది.

మళ్ళీ ఆ కట్ట విప్పితే

ఆ రోజు సాయంత్రం పేపర్లన్నీ వెనక్కి తెప్పించి, ఆ ఒక్క ప్రశ్న జవాబులు మళ్ళీ మొదట్నుంచి చదివాను. అదే కట్టలో ఒక అమ్మాయి రాసిన జవాబు ఇలా వుంది. అక్షరదోషాలు దిద్ది రాస్తున్నాను:

“చెరువు గట్టు మీద బట్టలుతికిన సబ్బునీళ్ళు, గేదెల్ని కడిగిన నీళ్ళు చెరువులోకి పోతున్నాయి. గట్టుకి ఇవతల తొట్టి కట్టి ఆ నీళ్ళు అందులోకి పంపాలి. మంచినీళ్ళు పట్టుకునే రేవులో ఎవరినీ దిగనివ్వకూడదు. వానాకాలం ముందు కాలవ పూడిక తియ్యాలి.”

దీనికి నేను ముందురోజు రాత్రి వేసిన మార్కులు రెండు. ఎర్రసిరాతో అయిదు చోట్ల అక్షరదోషాలకు సున్నాలు చుట్టాను. “వాక్యనిర్మాణం మెరుగుపరచుకోవాలి” అని పక్కన రాశాను కూడా. ఏ మాట మార్చినా ఈ జవాబు మారిపోతుంది. రేవు బదులు ఇంకేదైనా పెట్టండి, పూడిక తియ్యడం బదులు ఇంకేదైనా పెట్టండి, చెరువుకి తేడా తెలుస్తుంది. ఆ పిల్ల చెరువు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చి రాసింది. పెట్టె చెరువు మొహమే చూడలేదు. ఆ పెట్టెకి మూడు, ఈ పిల్లకి రెండు!

రెండు కొట్టేసి నాలుగు వేశాను. పక్కన రాసిన మాట కూడా కొట్టేశాను. మర్నాడు ఆ అమ్మాయి పేపరు చూసుకుని, “మాస్టారూ, మార్కులు పొరపాటున ఎక్కువ పడ్డాయండీ” అని తిరిగి తెచ్చింది. “పొరపాటు మొన్న పడిందమ్మా” అని చెప్పి పంపాను. కట్టలో ఇంకో ముగ్గురికి కూడా మార్కులు మారాయి, ఇద్దరికి పైకి, ఒకరికి కిందికి.

పెట్టె జవాబుకి సున్న వేశాను. కుర్రాడు పేచీ పెట్టలేదు. పక్కనే కూర్చుని సొంతంగా ఇంకో జవాబు రాసిచ్చాడు. అందులో అక్షరదోషాలు మూడు. చెరువు దగ్గరి బడ్డీకొట్టువాడు ప్లాస్టిక్ సంచులు ఎక్కడ పారేస్తాడో వాడికి బాగా తెలుసు. మూడు మార్కులు వచ్చాయి, ఈసారి వాడికే.

అట్టపెట్టె నాకే ఇచ్చేశాడు. స్టాఫ్ రూములో నా బీరువాలో ఇప్పటికీ వుంది. సంవత్సరాంతంలో సైన్సు క్లబ్బు రిపోర్టు రాయడానికి కూర్చున్నప్పుడు ఒకటి రెండు సార్లు నా చెయ్యి అటు వెళ్ళిన మాట నిజం.